ఒకే తుఫాను, రెండు కొండలు: పొడిమంచు లెక్క

రాత్రంతా కురిసిన మంచు రెండు స్కీ కొండల మీదా సమానంగా పడిందనుకుందాం. రెండు చోట్లా 40 సెంటీమీటర్లు. ఒక కొండ మీద ఉదయం పదిన్నరకల్లా వాలులన్నీ తొక్కుడుపడి గతుకులవుతాయి. రెండో కొండ మీద మధ్యాహ్నం రెండు దాటాక కూడా చెట్ల నడుమ ఎవరూ తాకని మంచు దొరుకుతూనే ఉంటుంది. మొదటి కొండకు మనుషుల్ని వాలు పైకి మోసే కొత్త లిఫ్టులు, హోటళ్లు, పెద్ద కంపెనీ అండ ఉన్నాయి. రెండోదానికి ఉన్నవల్లా నెమ్మదిగా నడిచే, తక్కువ మందిని మోసే లిఫ్టులు, ఒక క్యాంటీన్, ఒక పార్కింగ్ స్థలం.

ఎవరూ తొక్కని, యంత్రం చదును చేయని తాజా మంచును స్కీయింగ్ చేసేవాళ్లు పౌడర్ అంటారు. ఆ పొడిమంచు కోసం సెలవులు దాచుకునేవాళ్లు, తెల్లవారుజామున మూడింటికి లేచి కారు తీసేవాళ్లు ఉన్నారు. సియాటిల్ చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కూడా ఈ ఆసక్తి పెరుగుతోంది. మొదట్లో గంట ప్రయాణంలో ఉన్న స్నోక్వాల్మీ కొండకు వెళ్లి పిల్లలతో ట్యూబుల మీద జారడంతో మొదలవుతుంది. రెండు మూడేళ్లకు స్కీలు కొనుక్కుంటారు. ఆ తర్వాత నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మంచు బాగా పడిందట, ఏ కొండకు వెళ్లమంటారు?"

దీనికి జవాబు వాతావరణ సూచనలో సగమే దొరుకుతుంది. మిగతా సగం లిఫ్టు గంటకు ఎంతమందిని మోస్తుంది, కొండ ఎవరి చేతిలో ఉంది, టికెట్లు ఎలా అమ్ముతున్నారు అన్న వాటిలో ఉంది. ఈ చిక్కుముడి విప్పడానికి వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ బేకర్ స్కీ ఏరియా మంచి ఉదాహరణ.

బెల్లింగ్‌హామ్ నగరం నుంచి తూర్పుగా సుమారు 90 కిలోమీటర్లు వెళ్తే శీతాకాలంలో 542వ నంబరు రాష్ట్ర రహదారి అక్కడితో ఆగిపోతుంది. అదే కొండ. పేరు మౌంట్ బేకర్ అయినా ఇది ఆ అగ్నిపర్వతం మీద లేదు, దానికి ఈశాన్యంగా మౌంట్ షుక్సాన్ పక్కన ఉంది. కొండ కింద బస చేయడానికి హోటలు లేదు. రాత్రి ఉండాలంటే గ్లేసియర్ అనే చిన్న ఊళ్లోనో, ఇంకా కిందో ఆగాలి. ఎనిమిది చైర్‌లిఫ్టులున్నాయి, అన్నీ పాత పద్ధతివే. సుమారు వెయ్యి ఎకరాలు, అడుగు నుంచి శిఖరానికి 1,500 అడుగుల ఎత్తు తేడా. ఒకసారి కొంటే సీజనంతా ఎన్నో కొండలకు వెళ్లనిచ్చే ఎపిక్, ఐకాన్ అనే రెండు భారీ పాస్‌లలో దేనిలోనూ ఇది లేదు. స్థానికుల చేతిలోనే నడుస్తోంది.

ఇంత చిన్న కొండ మీద కురిసే మంచు మాత్రం ప్రపంచంలోనే లెక్కలోకి వచ్చేంత. 1998–99 శీతాకాలంలో ఇక్కడ 1,140 అంగుళాలు పడింది. అంటే దాదాపు 29 మీటర్లు. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా ఆ కొలతను పరిశీలించి రికార్డుగా ధ్రువీకరించింది. అంతకుముందు రికార్డు అదే రాష్ట్రంలోని మౌంట్ రెయినియర్‌ది, 1971–72లో 1,122 అంగుళాలు. బేకర్‌లో ఆ ఏడాది కుర్చీలు మంచుకు తగలకుండా లిఫ్టుల దారి పొడవునా తవ్వుకుంటూ పోవాల్సి వచ్చింది. మామూలు ఏడాదిలో కూడా సగటున 640 అంగుళాలకు పైనే కురుస్తుంది.

కారణం మన పడమటి కనుమలు తెలిసినవాళ్లకు కొత్తది కాదు. పసిఫిక్ మీదుగా వచ్చే తేమగాలి కాస్కేడ్ పర్వతాలను ఢీకొని పైకి లేస్తుంది, చల్లబడుతుంది, మోసుకొచ్చిన నీటిని అక్కడే వదిలేస్తుంది. రుతుపవనాలు కనుమలను తాకి ఆగుంబెలో వాన దంచికొట్టడానికీ, ఆ కనుమల వెనక రాయలసీమ వానకు మొహం వాచిపోవడానికీ ఉన్న లంకె ఇదే. కాస్కేడ్లకు తూర్పున యాకిమా ప్రాంతం కూడా అలాగే ఎండిపోయి ఉంటుంది.

అయితే ఎక్కువ మంచు అంటే మంచి మంచు అనుకోకూడదు. సముద్రం దగ్గర కావడంతో ఇక్కడి గాలి మరీ చల్లబడదు. యూటా, కొలరాడోల లోతట్టు కొండల్లో తాజా మంచులో నీటి వంతు 6 నుంచి 8 శాతం దాకా ఉంటే, కాస్కేడ్లలో అది తరచు 10 శాతం దాటుతుంది. అందుకే ఇక్కడి మంచును కాంక్రీటు అని ఆడిపోసుకునేవాళ్లు ఉన్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. మరీ తేలికైన మంచు కొద్దిగా పడితే స్కీ నేరుగా అడుగున ఉన్న గట్టి పొరకు తగులుతుంది. కాస్త బరువున్న మంచు మనిషిని మోస్తుంది, రాళ్లనూ మొద్దులనూ కప్పేస్తుంది.

అసలు సంగతి పొరల వరసలో ఉంది. తుఫాను కాస్త వెచ్చగా మొదలై చల్లగా ముగిస్తే బరువైన మంచు కింద, తేలికైనది పైన పడుతుంది. అప్పుడు స్కీ దిగుతున్నకొద్దీ కింది నుంచి ఒత్తిడి నిదానంగా పెరుగుతుంది, మలుపు తిరగడం సులువవుతుంది. మేఘంలో ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీల దగ్గర ఉంటే రేకులు విచ్చుకున్న నక్షత్రాల్లాంటి స్ఫటికాలు వేగంగా పెరుగుతాయి. అవి పేరుకున్నప్పుడు మధ్యలో గాలి ఎక్కువగా చిక్కుతుంది. ఏ ఉష్ణోగ్రతకు, ఏ తేమకు ఏ ఆకారం వస్తుందో జపాన్‌కు చెందిన నకాయా ఉకిచిరో ప్రయోగశాలలో తేల్చాడు. హొక్కైడో విశ్వవిద్యాలయంలో 1936లో ఆయన తొలి కృత్రిమ మంచు స్ఫటికాన్ని పెంచాడు. వరస తిరగబడి తేలిక మంచు మీద బరువు మంచు పడితే రెండు విధాలా చెరుపు. స్కీ ముక్కు లోపలికి దూరి మోకాళ్లు మెలిపడతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం, పైపొర పలకలా జారి హిమచరియగా విరిగిపడటం. అందుకే సూచన చూసేటప్పుడు ఎన్ని అంగుళాలు పడుతుందో చూసి ఆగిపోకండి. రాత్రి గడిచేకొద్దీ ఉష్ణోగ్రత తగ్గుతోందా పెరుగుతోందా అన్నది కూడా చూడండి.

ఇప్పుడు లిఫ్టు దగ్గరికి వద్దాం. పొడిమంచు రోజు గురించి జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

పాత పద్ధతి చైర్‌లిఫ్టులో కుర్చీని ఇనుప తాడుకు శాశ్వతంగా బిగించేస్తారు. మనం ఎక్కేటప్పుడు కూడా తాడు అదే వేగంతో కదులుతుంది కాబట్టి సెకనుకు రెండున్నర మీటర్లకు మించి నడపలేరు. కొత్త పద్ధతిలో కుర్చీ స్టేషన్‌లోకి రాగానే తాడును వదిలేస్తుంది, నెమ్మదిగా మనల్ని ఎక్కించుకుని మళ్లీ తాడును పట్టుకుంటుంది. తాడు సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. నలుగురు కూర్చునే ఇలాంటి లిఫ్టు మొదటిసారి 1981లో కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌లో వచ్చింది. వేగం రెట్టింపయింది కనుక రెట్టింపు మందిని మోస్తుందని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. గంటకు ఎంతమంది పైకి వెళ్తారన్నది రెండు కుర్చీల మధ్య ఎన్ని సెకన్ల వ్యవధి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆరు సెకన్లకొక నలుగురి కుర్చీ వస్తే గంటకు 2,400 మంది, తాడు నెమ్మదిగా కదిలినా వేగంగా కదిలినా. వేగం వల్ల తగ్గేది ప్రయాణ సమయం. పన్నెండు నిమిషాలు కుర్చీలో గడిపే మనిషి ఆరు నిమిషాల్లో పైకి చేరి, కిందికి జారి, మళ్లీ వరసలో నిలబడతాడు. జనం తక్కువగా ఉన్న రోజు దీనివల్ల ఒక్కొక్కరూ ఎక్కువసార్లు దిగుతారు. జనం కిక్కిరిసిన రోజు కుర్చీలో మిగిలిన సమయం కాస్తా వరసలో ఖర్చవుతుంది. వేగానికి తోడు ఆరుగురు, ఎనిమిది మంది కూర్చునే కుర్చీలు వచ్చాక మాత్రం పెద్ద కొండల్లో ఒక్కో లిఫ్టు మోత, అంటే మోసే సామర్థ్యం, గంటకు 3,000 మందిని దాటింది.

దీని ఫలితం చూడటానికి ఒక ముతక లెక్క వేద్దాం. ఒక వాలు 60 మీటర్ల వెడల్పు ఉంది. ఒక్కొక్కరూ మలుపులతో కలిపి మీటరున్నర వెడల్పు మంచును చెడగొడతారు. 40 మంది దిగితే ఆ వాలు అయిపోయినట్టే. కొండ మీద అలాంటి వాలులు వంద ఉన్నాయనుకుంటే, మొత్తం తొక్కడానికి 4,000 సార్లు దిగాలి. గంటకు 2,400 మందిని మోసే లిఫ్టు ఒక్కటి ఆ పని గంటా నలభై నిమిషాల్లో ముగించేస్తుంది. గంటకు 500 మందిని మాత్రమే మోసే లిఫ్టుకు ఎనిమిది గంటలు పడుతుంది, అంటే పొద్దున లిఫ్టు తెరిచినప్పటి నుంచి మూసేదాకా. మొదట్లో చెప్పిన రెండు కొండల తేడా ఇదే. మంచు సమానంగా పడింది, దాన్ని పంచుకునే వేగం సమానంగా లేదు.

గంటకు 500 అన్నది ఊహించి వేసిన అంకె కాదు. వెర్మాంట్ రాష్ట్రంలోని మ్యాడ్ రివర్ గ్లెన్‌లో ఒక్కొక్కరే కూర్చునే లిఫ్టు ఉంది, దాని మోత సుమారు అంతే. రోలండ్ పాల్మెడో స్థాపించిన ఆ కొండ 1948లో తెరుచుకుంది. 1995లో యజమానురాలు బెట్సీ ప్రాట్ దాన్ని అక్కడ స్కీయింగ్ చేసే వాళ్లు పెట్టుకున్న సహకార సంఘానికే అమ్మింది. కాలక్రమంలో ఒంటికుర్చీ లిఫ్టు అరిగిపోయింది. మామూలు వ్యాపారమైతే నలుగురి కుర్చీ పెట్టేసేవారు. సభ్యులు చర్చించుకుని, ఓటు వేసి, ఒంటికుర్చీనే నిలబెట్టుకున్నారు. చందాలు పోగుచేసి స్తంభాలతో సహా బాగుచేయించి 2007లో మళ్లీ నడిపించారు. లిఫ్టు మోత పెంచితే తమ ఇరుకైన దారుల్లో మంచు నిలవదని వాళ్లకు తెలుసు. యజమానులూ, మంచును వాడుకునేవాళ్లూ ఒకరే కావడం వల్లే ఆ నిర్ణయం సాధ్యమైంది. స్నోబోర్డులను రానివ్వకూడదన్న వాళ్ల నియమం మాత్రం నాకు నచ్చదు. బేకర్‌లో 1985 నుంచి స్నోబోర్డు పోటీలు జరుగుతున్నాయి, దానివల్ల ఆ కొండకు వచ్చిన లోటేమీ లేదు.

జనం తొక్కే తీరు మారడానికి ఇంకో కారణం ఉంది. ఒకప్పుడు సన్నని స్కీలతో లోతైన మంచులో దిగడం ఆరితేరినవాళ్లకే చేతనయ్యేది. 1990ల నుంచి వెడల్పు స్కీలు వచ్చాక మధ్యస్థంగా నేర్చినవాళ్లు కూడా తేలిపోతున్నారు. మంచిదే. కానీ పొడిమంచు కోసం పోటీ పడేవాళ్ల సంఖ్య దానివల్ల బాగా పెరిగింది.

బేకర్‌లో పొడిమంచు ఉదయం ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. లిఫ్టు తెరవకముందే జనం వరసలో ఉంటారు, ఎవరూ విసుక్కోరు. పైనుంచి ఉండి ఉండి బరువైన చప్పుడు వినిపిస్తుంది. గస్తీ సిబ్బంది చీకటి ఉండగానే ఇద్దరిద్దరుగా గట్ల మీదికి వెళ్లి, సుమారు కిలో బరువుండే పేలుడు పదార్థాలను అంచుల నుంచి వాలుల మీదికి విసురుతారు. వత్తి కాలడానికి పట్టే నిమిషంన్నరలో వెనక్కి తగ్గుతారు. ఎక్కడ పలక జారాలో అక్కడ ముందుగానే జారిపోతుంది. చిన్న కొండకు గస్తీ మనుషులు తక్కువ, కాబట్టి కొన్ని వాలులు పదకొండు దాకా తెరుచుకోవు. ఆ ఆలస్యాన్ని తిట్టుకోకండి. ఆ మనుషులు తమ ప్రాణాలొడ్డి మన దారి చూస్తున్నారు. పైగా వాలులు ఒక్కొక్కటిగా తెరుచుకోవడం వల్ల రోజులో రెండు మూడుసార్లు కొత్త మంచు దొరుకుతుంది.

మన వంతు రాగానే లిఫ్టు మనిషి చీపురుతో కుర్చీ మీది మంచును ఒక్క వేటున ఊడ్చేస్తాడు. కూర్చున్న రెండు నిమిషాలకే ఒళ్లో మళ్లీ పేరుకుంటుంది. లిఫ్టు నెమ్మది కనుక పక్కన కూర్చున్న అపరిచితులతో మాటలు కలుస్తాయి. దిగి, మొదటి వాలు అంచున నిలబడి స్కీలు కిందికి తిప్పగానే చప్పుడంతా పోతుంది. కాళ్లు కనబడవు. మలుపు తిరిగిన ప్రతిసారీ మంచు ఛాతీ దాకా లేచి ముఖాన్ని తడుపుతుంది, వేగం తెలియదు, బరువు తెలియదు. ఆ నలభై సెకన్ల కోసం మూడు గంటలు కారు నడపడం నాకు ఎన్నడూ ఎక్కువనిపించలేదు.

ఇదే మంచు ప్రాణాలు తీస్తుంది కూడా. ఈ మాట కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు శ్రద్ధగా వినాలి. పెద్ద శంఖాకారపు చెట్ల కింది కొమ్మలు మంచును మొదలు దాకా పడనివ్వవు, అందువల్ల మాను చుట్టూ వదులు మంచుతో నిండిన గుంత ఏర్పడుతుంది. పైనుంచి అది కనబడదు. అందులో తలకిందులుగా పడితే మంచు చుట్టూ మూసుకుని ఊపిరాడదు. ఉత్తర అమెరికాలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్లతో జరిపిన రెండు ప్రయోగాల్లో 90 శాతం మంది తమంతట తాము బయటపడలేకపోయారు. కాబట్టి చెట్ల మధ్యకు ఒంటరిగా వెళ్లవద్దు. తోడున్న మనిషి కనుచూపులో, పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. కింద కలుసుకుందాం అనుకుంటే అది తోడు కాదు. ఈల మెడలో ఉంచుకోండి. ఇక బేకర్ సరిహద్దు తాడు దాటి బయటి కొండల్లోకి వెళ్లాలంటే హిమచరియల బీకన్ (మంచు కింద చిక్కినవాళ్ల జాడ తెలిపే రేడియో పరికరం), పార, తోడు, ఆ ప్రదేశం గురించిన జ్ఞానం ఉండాలని కొండ నియమం. రికార్డు మంచు పడిన 1999లోనే, ఫిబ్రవరిలో, పక్కనున్న షుక్సాన్ గట్టు మీద హిమచరియ విరిగి ఇద్దరు చనిపోయారు.

ఇంత మంచు, ఇంత తక్కువ రద్దీ ఉన్న చిన్న కొండలు ఎందుకు మూతపడుతున్నాయి? అమెరికాలో 1980ల తొలినాళ్లలో 700కు పైగా స్కీ కొండలు ఉండేవి. ఇప్పుడు 500 లోపే. లిఫ్టుల నిర్వహణ, గస్తీ సిబ్బంది జీతాలు, బీమా, దారిలో మంచు తొలగించడం, ఈ ఖర్చులేవీ జనం వచ్చినా రాకపోయినా తగ్గవు. పొడిమంచు రోజుల్లో టికెట్లు అమ్ముడవుతాయి. మిగతా రోజుల్లో, ముఖ్యంగా వాన పడ్డ వారాల్లో, గల్లా ఖాళీ.

పెద్ద కంపెనీలు ఈ చిక్కును పాస్‌తో దాటాయి. వెయిల్ రిసార్ట్స్ 2008లో 579 డాలర్లకు ఎపిక్ పాస్ తెచ్చింది. శీతాకాలం మొదలవకముందే డబ్బు చేతికి వస్తుంది, తర్వాత మంచు పడకపోయినా నష్టం కొనుక్కున్నవాడిదే. ఒక రాష్ట్రంలో మంచు లేకపోతే ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. 2018లో ఐకాన్ పాస్ పోటీకి వచ్చింది. పాస్ కొనమని ఒత్తిడి చేయడానికా అన్నట్టు రోజు టికెట్టు ధర పెద్ద కొండల్లో 300 డాలర్లు దాటింది. పాస్ ఉన్నవాళ్లకు ఇంకో రోజు వెళ్లడానికి పైసా ఖర్చు లేదు, కాబట్టి తుఫాను రాగానే అందరూ ఒకే ఉదయం బయలుదేరుతారు. సియాటిల్‌కు దగ్గర్లోని స్టీవెన్స్ పాస్ అనే కొండను వెయిల్ 2018లో కొన్నది. 2021–22 శీతాకాలంలో సిబ్బంది చాలక కొన్ని లిఫ్టులు తెరవలేదు, వరసలు పెరిగాయి. జనం కోపంతో పెట్టిన వినతిపత్రం మీద 40 వేలకు పైగా సంతకాలు పడ్డాయి.

చిన్న కొండలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2019లో వచ్చిన ఇండీ పాస్, 199 డాలర్లకు ఒక్కో చిన్న కొండలో రెండేసి రోజులు ఇచ్చింది. వాషింగ్టన్‌లోని మిషన్ రిడ్జ్, వైట్ పాస్ వంటి కొండలు అందులో చేరాయి. రెండు రోజుల పరిమితి తెలివైన ఆలోచన. కొత్తవాళ్లు వస్తారు, స్థానికుల మంచు మొత్తం తొక్కేయరు. తర్వాత పాస్ అమ్మకాలకు కూడా హద్దు పెట్టారు.

రద్దీ లేకపోవడాన్నే సరుకుగా అమ్మేవాళ్లు కూడా వచ్చారు. యూటాలోని పౌడర్ మౌంటెన్ చాలాకాలంగా పాస్‌ల సంఖ్యను పరిమితం చేసుకుంటూ వచ్చింది. 2023లో నెట్‌ఫ్లిక్స్ సహ వ్యవస్థాపకుడు రీడ్ హేస్టింగ్స్ దాని ప్రధాన యజమాని అయ్యాక, కొండలో కొంత భాగాన్ని అక్కడ ఇళ్లు కొనుక్కున్నవాళ్లకే ప్రత్యేకించారు. మిగతా భాగాన్ని అందరికీ తెరిచి ఉంచడానికి ఆ డబ్బు కావాలన్నది వాళ్ల వాదన. లెక్క ప్రకారం ఆ వాదన నిలబడుతుంది. అయినా నా మనసు మ్యాడ్ రివర్ వైపే మొగ్గుతుంది. మంచు నిలవాలంటే మోత తగ్గాలి, నిజమే. ఆ తగ్గింపును వరసలో ఓపికగా నిలబడే సమయంతో భరించవచ్చు, లేదా కోట్ల విలువైన ఇంటితో కొనుక్కోవచ్చు. మొదటిది అందరి దగ్గరా ఉండేదే.

బేకర్‌కు ముంచుకొస్తున్న అసలు గండం ఎత్తు. కొండ అడుగు సముద్ర మట్టానికి 1,070 మీటర్లు, శిఖరం 1,550 మీటర్లే. గాలి రెండు మూడు డిగ్రీలు వెచ్చబడితే అదే తుఫాను వానగా కురుస్తుంది. 2014–15లో సరిగ్గా ఇదే జరిగింది. కాస్కేడ్లలో పడాల్సిన నీరు ఇంచుమించు మామూలుగానే పడింది, కానీ ఎక్కువ భాగం వానగా. వాషింగ్టన్ ప్రభుత్వం 2015 మేలో రాష్ట్రమంతటా కరువు ప్రకటించింది. ఒకే ఒక్క కొండ ఉన్న యాజమాన్యానికి అలాంటి ఏడాది వరసగా రెండుసార్లు వస్తే తట్టుకోవడం కష్టం.

అందుకే ఏ కొండకు వెళ్లమంటారని అడిగినవాళ్లకు నేను రెండు మాటలు చెబుతాను. తుఫాను చల్లగా ముగిసిన మర్నాడు, వీలైతే వారం మధ్యలో, దూరమైనా తక్కువ మందిని మోసే లిఫ్టులున్న కొండకు వెళ్లండి. ఆ కొండ నచ్చితే దాని సీజన్ పాస్ శరదృతువులోనే, ఇంకా మంచు పడకముందే కొనండి, మంచు బాగాలేని మంగళవారం కూడా ఒకసారి వెళ్లి క్యాంటీన్‌లో భోజనం చేసి రండి.